గుడ్ల మీద నీడ

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు లోపలికి రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను గాలి కూడా ఈ పక్కే బాగా తగులుతుంది.

తిరుపతి చుట్టుపక్కల పిట్టల గురించి, వాటిని ఫొటో తీయడం గురించి మాట్లాడమని, రేపు పొద్దున మీలో వచ్చేవాళ్ళను పిట్టలు చూడటానికి తీసుకెళ్ళమని నన్ను పిలిచారు. ఏ నెలైనా సరే అన్నారు. మే నెలే కావాలని నేను అడిగాను. ఇందాక గేటు దగ్గర ఒక పెద్దాయన, "ఈ ఎండల్లో పిట్టలెక్కడుంటాయి సార్, చలికాలంలో పెట్టాల్సింది" అన్నారు. ఈ మాట నాకు ఏటా వినబడుతుంది. చలికాలంలో నేలపట్టులో గూడబాతులు, పులికాట్ నీళ్ళలో రాజహంసలు, మన చెరువుల్లో ఎక్కడినుంచో వచ్చిన బాతులు ఉంటాయి, నిజమే. అవి చుట్టాలు. ఉగాది దాటేసరికి ఆ చుట్టాల్లో చాలామంది వెళ్ళిపోతారు. అప్పుడు ఊళ్ళో మిగిలేది ఇంటివాళ్ళు. చైత్ర వైశాఖాల్లో ఆ ఇంటివాళ్ళు ఇల్లు కట్టుకుంటారు, జత కడతారు, గుడ్లు పెడతారు, పిల్లల్ని పెంచుతారు. ఒక పిట్ట బతుకు మొత్తం కళ్ళ ముందు జరిగే కాలం ఇదే. అందుకే మే నెల అడిగాను.

నేను పక్షి శాస్త్రవేత్తను కాను. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే బయటికి వెళ్ళి చూస్తున్నాను, చూసింది నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను, కుదిరితే ఫొటో తీస్తున్నాను. చూసింది మాత్రమే ఈరోజు చెబుతాను.

ముందు టైము సంగతి. ఎండాకాలంలో మనకు దొరికేది పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానే. సాయంత్రం అయిదు తరవాత మళ్ళీ ఒక గంట. తొమ్మిది దాటితే నేల వేడెక్కి, పైన గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరంగా తారు రోడ్డు మీద నీళ్ళు ఉన్నట్టు కనబడుతుంది చూడండి, అదే. ఆ గాలిలోంచి ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా బొమ్మ మసకగానే వస్తుంది. లెన్సు పాడైందని షాపుకు తీసుకెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. లెన్సులో ఏ లోపమూ లేదు, తీసిన వేళే బాగాలేదు. కాబట్టి ఎనిమిదిన్నరకు కెమెరా సంచిలో పెట్టేయండి. మీకూ మంచిది, పిట్టకూ మంచిది. పిట్టకు ఎందుకు మంచిదో తరవాత చెబుతాను.

పొద్దున కళ్ళకంటే ముందు చెవులకు పని. కోయిలను మీకు నేను పరిచయం చేయనక్కర్లేదు. కానీ కూసేది నల్లగా ఉండే మగకోయిలనీ, ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుందనీ చాలామందికి తెలియదు. ఆడ కోయిలను చూసి డేగ పిల్ల అనుకుంటారు. మేలో కాకి గూళ్ళ చుట్టూ ఈ జంట తిరగడం గమనించండి. మగది కాకులకు కనబడేట్టు వచ్చి కూర్చుని, వాటిచేత తరిమించుకుంటూ దూరంగా పోతుంది. ఆ సందులో ఆడది గూట్లోకి వెళ్ళి వస్తుంది. జూన్‌కల్లా మీ వీధిలోనే, కాకి ఒకటి తనకు ఏ పోలికా లేని పిల్ల నోట్లో మేత పెడుతూ కనబడుతుంది.

కంసాలి పిట్ట శబ్దం కూడా మీరు వినే ఉంటారు. దూరంగా ఎవరో రాగి బిందె మీద చిన్న సుత్తితో టుక్ టుక్ టుక్ మని కొడుతున్నట్టు ఉంటుంది. పిచ్చుకంత లావు, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద కుంకుమ పెట్టినట్టు ఎరుపు. మర్రి, రావి పళ్ళు పండిన చెట్టు కింద పది నిమిషాలు నిలబడితే కనబడుతుంది.

ఇంకొకటి ఉంది, దాని పేరు పొన్నంకి పిట్ట. చలికాలమంతా మన చెట్ల కింద ఎండుటాకుల్లో పురుగులు ఏరుకుని, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాదికి పోతుంది, అక్కడ పిల్లల్ని పెడుతుంది. తెల్లవారుజామున, మళ్ళీ పొద్దు గుంకే వేళ రెండు ముక్కల ఈల వేస్తుంది. మన పక్కనే ఉన్న తమిళులు దానికి ఆరుమణి కురువి అని పేరు పెట్టుకున్నారు, ఆరు గంటల పిట్ట అని. నగరి, పుత్తూరు వైపు పిలకాయలకు ఈ పేరు తెలిసి ఉండొచ్చు. పచ్చ, నీలం, ఎరుపు, గోధుమ, నలుపు, తెలుపు, ఇన్ని రంగులు ఒక్క పిడికెడు ఒంటి మీద ఉన్నా, ఆకుల నీడలో కదలకుండా ఉంటే మీ కాళ్ళ దగ్గరున్నా కనబడదు. ఏప్రిల్ చివర్లో ఒకసారి యూనివర్సిటీ చెట్ల కింద ఇరవై నిమిషాలు దాని ఈల విన్నాను, పిట్టను చూడలేదు. ఆ రోజు నా నోట్‌బుక్కులో "విన్నాను" అని ఉంది. అది కూడా రికార్డే.

ఇక పాలపిట్ట. దసరా రోజు దాన్ని చూడటానికి ఊరి బయటికి వెళ్ళే మనం, అది అసలు ఆట ఆడే నెలల్లో దాన్ని పట్టించుకోం. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగుగానే ఉంటుంది. మార్చి నుంచి జూన్ లోపల మగపిట్ట ఆడపిట్ట కోసం నిట్టనిలువుగా పైకి లేచి, అక్కడినుంచి బరబరా అరుస్తూ అటూ ఇటూ దొర్లుతూ కిందికి పడుతుంది. రెక్కలు విప్పినప్పుడు లోపలున్న రెండు నీలాలూ బయటపడతాయి. ఇది తీయాలంటే షటర్ స్పీడు 1/2000కి తగ్గకూడదు, అంటే కెమెరా కన్ను సెకనులో రెండువేలో వంతు కంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉండకూడదు. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అది మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చునే తీగ ఏదో రెండు రోజులు చూసి తెలుసుకోవాలి. పిట్ట వెంట పరిగెత్తేవాడికి తోక దొరుకుతుంది. తీగ తెలిసినవాడికి ముఖం దొరుకుతుంది.

పాలపిట్ట గూడు కట్టదు, తొర్రలో గుడ్లు పెడుతుంది. తల పోయిన తాటిమాను, ఎండిపోయిన పెద్దచెట్టు దానికి ఇల్లు. లేఅవుట్లు వేసేటప్పుడు ముందు కొట్టేసేది అలాంటి మొండిమానులనే, పనికిరానివని. మీలో ఎవరికైనా పొలం ఉంటే, గట్టు మీద మొండి తాడి ఒకటుంటే, దయచేసి ఉండనీయండి.

ఇప్పుడు నేను చెప్పాలనుకుని వచ్చిన విషయానికి వస్తాను.

చంద్రగిరి వైపు ఒక చెరువు ఉంది. ఏ చెరువో చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. దాని కట్ట అవతల ప్లాట్లు వేసి, రాళ్ళు నాటి, గులక పరిచి వదిలేశారు. ఏడేళ్ళ కిందట మే నెల రెండో వారంలో ఒక పొద్దున అక్కడికి వెళ్ళాను. తీతువు పిట్ట ఒకటి నా చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు తెలుసు కదా, పసుపు పచ్చ కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు, నల్లటి తల, రొమ్ము. అలా అరుస్తోందంటే దగ్గర్లో గుడ్లు ఉన్నట్టే. కాళ్ళ కింద చూసుకుంటూ మెల్లగా నడిచి, పావుగంటకు కనుక్కున్నాను. నాలుగు గుడ్లు, కొనలు లోపలికి పెట్టి, పువ్వు రేకుల్లాగా. గూడంటూ లేదు. గులకలో చిన్న పల్లం, చుట్టూ నాలుగు మేకపెంటికలు, అంతే. గుడ్ల రంగు, మచ్చలు ఆ గులకరాళ్ళలాగే ఉన్నాయి. ఒక్క నిమిషం తల తిప్పి మళ్ళీ చూస్తే వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు ఆశ పుట్టింది. పిట్ట వచ్చి గుడ్ల మీద కూర్చునే ఫొటో కావాలనిపించింది. అయిదారు గజాల దూరంలో బోర్లా పడుకున్నాను. కదలకుండా ఉంటే అలవాటుపడి అదే వస్తుంది అనుకున్నాను. అప్పటికి తొమ్మిదిన్నర. పిట్ట రాలేదు. దూరంగా నడుస్తుంది, ఆగుతుంది, అరుస్తుంది, గుడ్లున్న చోటు కాక ఇంకోచోట కూర్చున్నట్టు నటిస్తుంది. నలభై నిమిషాలు అలాగే ఉన్నాను. నా మోచేతులు గులక వేడికి కాలుతున్నాయి. ఆ వేడి నాకు తెలుస్తోంది. నాలుగు గుడ్లు కూడా అదే గులక మీదే ఉన్నాయన్న సంగతి మాత్రం తట్టలేదు.

గొర్రెలు తోలుకుని ఒక తాత కట్ట దిగి వచ్చాడు. నా పక్కన నిలబడి అన్నాడు: "ఏం నాయినా, దాన్ని కూసోనీవా? గుడ్లు ఉడికిపోతాయి గదా." నేను లేచాను. ఆయన మళ్ళీ అన్నాడు: "కోడి కూసునేది కాక కోసరం. ఈ ఎండలో ఇది కూసునేది నీడ కోసరం."

పద్దెనిమిదేళ్ళలో నేను విన్న పాఠాల్లో ఇంతకంటే పెద్దది లేదు. తరవాత పుస్తకాలు తిరగేసి చూశాను. గుడ్డులో పిండానికి 37, 38 డిగ్రీల దగ్గర బాగుంటుంది. 41 దాటి కాసేపు నిలిచిందంటే బతకడం కష్టం. మే నెల ఎండలో గులక వేడి 50 దాటుతుంది. చలిదేశాల్లో తల్లి లేస్తే గుడ్డు చల్లబడుతుంది, పెరుగుదల ఆగుతుంది, మళ్ళీ కూర్చుంటే సాగుతుంది. మన దగ్గర ఈ నెలలో తల్లి లేస్తే గుడ్డు కాలిపోతుంది. అది మళ్ళీ సాగేది కాదు.

తాత నన్ను కట్ట మీదున్న కానుగ చెట్టు కిందికి తీసుకెళ్ళాడు. అక్కడినుంచి గుడ్ల దాకా ఎనభై గజాలు ఉంటుంది. మేం కూర్చున్న మూడు నిమిషాలకు పిట్ట గుడ్ల దగ్గరికి వచ్చింది. అయితే కూర్చోలేదు. గుడ్లకు పైన నిలబడి, రెక్కలు రెండూ కొంచెం దించి, నోరు తెరిచి ఒగరుస్తూ ఉండిపోయింది. దాని నీడ సరిగ్గా గుడ్ల మీద పడుతోంది. ఇంకాసేపటికి జత పిట్ట చెరువు వైపు నుంచి వచ్చింది, మొదటిది లేచి నీళ్ళ అంచుకు పోయింది. నీళ్ళలో దిగి, పొట్ట తడిసేట్టు కిందికి వంగి, మళ్ళీ మళ్ళీ ఒళ్ళు ఊపింది. ఆ తడి పొట్టతో ఎగిరి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. బైనాక్యులర్లో చూస్తున్నాను, కూర్చునే ముందు పొట్ట ఈకల నుంచి నీటి బొట్లు రాలడం కనబడింది. మధ్యాహ్నం దాకా అదే పని. ఒకటి నీడ పడుతుంది, ఒకటి తడి తెస్తుంది. ఫొటో తీయలేదు. ఆ దూరానికి, ఆ ఎండకు ఎలాగూ రాదు. కెమెరా నా ఒళ్ళోనే ఉంది, దాని సంగతే గుర్తులేదు.

ఆ తరవాత రోజూ కానుగ చెట్టు దాకానే వెళ్ళాను. తీతువు గుడ్లు నాలుగు వారాలకు పొదుగుతాయి. జూన్ మొదట్లో ఒకరోజు మూడు పిల్లలు కనబడ్డాయి. ఇవి పుట్టిన రోజే నడుస్తాయి. తల్లి ఒక్క కేక వేస్తే ఎక్కడివక్కడ నేలకు అతుక్కుని రాళ్ళైపోతాయి. నాలుగో గుడ్డు అక్కడే ఉండిపోయింది. నా నలభై నిమిషాల వల్లే అది పోయిందని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆ గుడ్డు గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను.

తీతువు అరిస్తే అపశకునం అంటారు మన ఊళ్ళలో. రాత్రి పూట ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఎవరో పోతారని భయపడతారు. మా అమ్మ కూడా భయపడేది. దాని గుడ్ల దగ్గరికి కుక్కో, నక్కో, మనిషో వచ్చాడని అది అరుస్తుంది. భయం దానిది. మనకు చెడు చెప్పడానికి దానికి తీరిక ఎక్కడిది?

కాబట్టి గూళ్ళ ఫొటోల గురించి గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఈ కాలంలో గూటి దగ్గరికి వెళ్ళకండి. అనుకోకుండా గూడు కనబడితే, వచ్చిన దారినే వెనక్కి నడవండి. బాగా కనబడటం లేదని కొమ్మ విరవకండి, ఆకులు పక్కకు కట్టకండి. ఆ ఆకులు దానికి ఎండ తెర, కాకి కంటికి అడ్డం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలో, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనో గూళ్ళనో కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. తుపాకీ పట్టినవాడికి పెట్టిన పేరే చట్టం మనకూ పెడుతుంది. అది సబబే అని నా అభిప్రాయం.

ఫోన్లో పిట్ట కూత వినిపించి పిట్టను రప్పించే అలవాటు ఒకటి బాగా పెరిగింది. అది కూడా వద్దు. మగపిట్ట ఇంకో మగపిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని, మేత మాని, గూడు వదిలి లేని శత్రువు కోసం తిరుగుతుంది. శేషాచలం రాళ్ళలో, హార్స్లీ హిల్స్‌లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంది. దక్షిణ భారతం తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. రాతి గుట్టల పొదల్లోనే బతుకుతుంది, ముప్పున్న పక్షుల పట్టికలో ఉంది. దాని కోసం బయటి ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు, సంతోషమే. అయితే ఒకే పొద మీద రోజుకు పదిమంది అదే కూత వినిపిస్తే ఆ జంట ఏమైపోవాలి? అది ఎక్కడ గూడు కట్టిందో వాట్సాప్‌లో పెట్టకండి. చెరువు పేరు చెప్పనన్నది ఇందుకే.

మరి ఫొటోలు తీయొద్దా అని పిలకాయల ముఖాల్లో కనబడుతోంది. తీయండి! ఈ నెలలో తీయడానికి బ్రహ్మాండమైనవి ఉన్నాయి. రాతి తొండను ఎంతమంది చూశారు? కపిలతీర్థం వెనక గుట్టల్లాంటి చోట్ల, రోడ్డు పక్క బండల మీద కూడా ఉంటుంది. మిగతా రోజుల్లో బండ రంగులోనే ఉంటుంది. జత కట్టే కాలంలో మగదానికి తల, వీపు ఎర్రగా నిప్పులాగా అవుతుంది, పక్కలు నల్లగా మారతాయి. ఎత్తయిన బండ మీదికెక్కి, ముందు కాళ్ళ మీద పైకీ కిందికీ దండీలు తీస్తుంది. ఇంకో మగది కనబడితే ఇంకా జోరుగా తీస్తుంది. భయపడితే చూస్తుండగానే రంగు దిగిపోతుంది. కాబట్టి మీరు దగ్గరికి వెళ్ళారో లేదో దాని రంగే మీకు చెబుతుంది. ఎరుపు తగ్గితే ఆగండి. కెమెరా దాని కళ్ళంత ఎత్తులో పెట్టండి, పై నుంచి తీస్తే బండ మీద మరకలాగా వస్తుంది. పొద్దున ఏడు గంటల ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు, దాని వీపు మీద ఒక్కో పొలుసూ వేరువేరుగా లెక్కపెట్టొచ్చు. ఖరీదైన లెన్సు అక్కర్లేదు, ఓపికుంటే మామూలు జూమ్ చాలు.

బండి మంచి మాటు. కారో ఆటోనో రోడ్డు పక్కన ఆగితే పిట్ట లేవదు, మీరు దిగి తలుపు వేస్తేనే లేస్తుంది. కిటికీ అంచున బియ్యం పోసిన గుడ్డసంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనించండి. స్వర్ణముఖి ఒడ్డున మట్టి గోడల్లో బొరియలు తవ్వే చిన్న పచ్చపిట్టల్ని, బీ ఈటర్లంటారు, నేను అలాగే తీశాను. తూనీగను పట్టి కొమ్మకేసి కొట్టి, ముల్లు ఉన్న తేనెటీగనైతే రుద్ది రుద్ది, అప్పుడు మింగుతాయి. కొమ్మ దగ్గర తీయండి, బొరియ దగ్గర వద్దు.

కొండ మీది అడవి శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 1989 నుంచీ. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా కూడా ప్రకటించారు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ ఉంటుంది, చిరుతలున్నాయి, ఎలుగులున్నాయి. మెట్ల దారుల పక్కన కనబడేదే మనకు బోలెడు.

ఇళ్ళ దగ్గర నీళ్ళు పెట్టేవాళ్ళకు ఒక్క మాట. లోతు గిన్నె వద్దు. మట్టి మూకుట్లో రెండంగుళాల నీళ్ళు, మధ్యలో ఒక గరుకు రాయి, నీడ పట్టున. రోజూ కడిగి మార్చండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ పదిహేను రోజులు మాత్రం మరిచిపోవద్దు.

చివరిగా నోట్‌బుక్కు సంగతి. తేదీ, టైము, చోటు, ఏ చెట్టు, ఏం చేస్తోంది, అంతే రాయండి. ఫోన్లో ఈబర్డ్ అని, చూసిన పిట్టల వివరాలు నమోదు చేసే యాప్ ఉంది, అందులోనూ ఎక్కించండి. పేరు తెలియకపోతే ఊళ్ళోవాళ్ళను అడగండి. మన పక్కనే కడప అడవుల్లో కలివి కోడి కథ ఉంది. 1900 తరవాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగారు. అక్కడివాళ్ళకు ఆ పిట్ట తెలుసు, పేరుతో సహా తెలుసు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు రాత్రి పూట దాన్ని పట్టి చూపించాడు. ఆ తరవాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. పట్టిన ఆ పిట్ట మాత్రం కొద్ది రోజులకే చనిపోయింది. ఎనభై ఏళ్ళు ఎవరూ చూడలేదన్న పిట్టను గొర్రెల కాపరులు, కట్టెలవాళ్ళు చూస్తూనే ఉన్నారు. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు, అంతే. నాకు గుడ్ల సంగతి చెప్పింది కూడా గొర్రెల తాతే కదా.

(సభలోంచి ఒక అమ్మాయి: సార్, నా దగ్గర ఫోనే ఉంది, కెమెరా లేదు. రేపు రావచ్చా?)

రామ్మా, తప్పకుండా రా. రేపు పొద్దున అయిదుంపావుకు ఇక్కడే గేటు దగ్గర కలుద్దాం. టోపీ, నీళ్ళ సీసా, పెన్ను. ఎర్ర చొక్కా, తెల్ల చొక్కా వద్దు. ఈ ఏడాది కూడా ఆ కట్ట అవతల ఒక జంట కూర్చుంది, మొన్న ఆదివారం చూశాను. బైనాక్యులర్లు రెండున్నాయి, వంతులవారీగా చూద్దాం. కానుగ చెట్టు దాకానే వెళ్తాం, అది దాటి ఎవరూ ముందుకు పోకూడదు. ఎనిమిదింటికల్లా తిరిగి వచ్చేద్దాం.